చేతివలలో ఇంటికొచ్చింది ఎవరు

చన్‌ఫెంగ్ ఘనతల్లో మొదట చెప్పుకోవలసింది, ఒక పరంగి పిల్లను తన ఇంట్లో రెండో రాత్రి కూడా ఉండేలా చేయడం.

ఇదీ ఒక ఘనతేనా అని బయటివాళ్ళు నవ్వవచ్చు. మా ఊరు హాట్‌కెంగ్‌లో పుట్టినవాళ్ళెవరూ నవ్వరు. వీపు మీద పెద్ద సంచి తగిలించుకుని మధ్యాహ్నం పడవ దిగే పరంగులు ఒక్క రాత్రి పడుకుని, తెల్లవారేసరికి ఎర్రటి కళ్ళతో మళ్ళీ రేవులో నిలబడి ఉంటారు. మా ఊరి కోళ్ళు చుక్క పొడవకముందే కూస్తాయి. అవి ఆపేసరికి ఊరిపెద్ద మైకులో మొదలుపెడతాడు. ఫలానావారి గేదె ఫలానావారి వేరుశెనగ చేలో పడిందని, కాలువ పూడిక తీయడానికి ఇంటికొకరు రావాలని చెబుతాడు. మైకుకి కుక్కలు జవాబిస్తాయి. సిమెంటు గచ్చు, అద్దాల బీరువా ఉన్న ఊరిపెద్ద ఇంట్లోనే ఏ పరంగీ రెండో రాత్రి నిలవలేదు. ఆయన భార్య కోడిని కోసి వండినా నిలవలేదు.

చన్‌ఫెంగ్ ఇల్లు ఎలాంటిదంటే, నిలువు కర్రల మీద వెదురు తడికలు, ఒక గదిలో ఒక పరుపు, ఒక దోమతెర. ఆమె ఇంటికి మొదట వచ్చినతను దోమతెర తాడు తెగి మీద పడితే పాము అనుకుని మెట్ల మీంచి కిందికి దూకాడు. తర్వాత వచ్చిన జంట, ఊరబెట్టిన చేపల జాడీ మూత తీసి చూసి, లోపల ఏదో చచ్చిపడి ఉందని చెప్పి సంచులు సర్దుకున్నారు. ఆ తర్వాత చాలాకాలం ఎవరూ రాలేదు. అయినా ఆమె రోజూ పరుపును ఎండలో వేసి, దులిపి, మళ్ళీ పరుస్తూనే ఉంది.

అలాంటి ఇంటికి సొలెన్ వచ్చింది. వచ్చి ఉండిపోయింది.

"ఏం మందు పెట్టావే దానికి?" అని రేవులో పింగ్‌ఖమ్ అడిగింది. పింగ్‌ఖమ్ చన్‌ఫెంగ్‌కి ఆడపడుచు, భర్త సొమ్‌దీకి అక్క. ఆమె నోరు పెద్దది. పెట్టే చెయ్యి కూడా పెద్దదే.

"ఏం పెట్టలేదు వదినా. ఏమీ అడగలేదు, అంతే."

నిజానికి అదే మందు. ఊళ్ళో మిగతావాళ్ళు వచ్చిన మనిషిని కూర్చోబెట్టి అడుగుతారు. వయసెంత, పెళ్ళైందా, కాకపోతే ఎందుకు కాలేదు, మీ అమ్మని ఎవరు చూసుకుంటున్నారు? చన్‌ఫెంగ్ జిగురన్నం బుట్ట ముందు పెట్టి పక్కన కూర్చుంటుంది. ఆమెకు అడగాలనిపించదు. ఏడాదిగా ఆమెకు ఏదీ అనిపించడం లేదు.

ఆమె ఎప్పుడూ ఇలాంటి మనిషి కాదు. నదికి ఎగువన, కొండ మలుపులో ఉన్న పల్లె ఆమెది. అక్కడి బడి ఐదో తరగతితో ఆగిపోతుంది. ఆ ఐదూ ఆమె మొదటి వరసలో కూర్చుని చదివింది. ఇంకా చిన్నపిల్లగా ఉండగానే నాచు అప్పడాన్ని చిరగకుండా తట్ట మీంచి ఎత్తడం నేర్చుకుంది. చలికాలంలో నది తేటపడ్డప్పుడు రాళ్ళకు పట్టే పచ్చ నాచును పీకి, ఇసుక పోయేదాకా కడిగి, దంచి, వెదురు తట్టల మీద పలచగా పరిచి, నువ్వులు, వెల్లుల్లి, టమాటా ముక్కలు చల్లి ఎండబెడతారు. మా వైపు దాన్ని మించిన చిరుతిండి లేదు. పెళ్ళై హాట్‌కెంగ్ వచ్చాక ఆడవాళ్ళ పందెం పడవలో ముందు తెడ్డు ఆమెకే ఇచ్చారు. వానాకాలం చివరి పండగలో అవతలి గట్టువాళ్ళని మనవాళ్ళు వరసగా ఓడించింది ఆమె ఆ తెడ్డు పట్టిన ఏళ్ళలోనే. అవతలి గట్టువాళ్ళు మీ పడవ తేలిక అని ఇప్పటికీ అంటారు. పడవ తేలిక కాదు, ఆమె చెయ్యి బరువు. ఇక పెళ్ళి విందుల్లో ఆడవాళ్ళ తరఫున మగవాళ్ళకి పాటకి పాట అప్పచెప్పేది ఆమే. ఊళ్ళో పూజలు చేయించే ఫుమీ తాతకి రాని పద్యం లేదంటారు. ఆయన్నే ఒకసారి మాట అందకుండా చేసి కూర్చోబెట్టింది.

సొమ్‌దీ పడవ నడిపేవాడు. పోయిన ఏడాది ఇదే చలికాలంలో మొగుడూ పెళ్ళాం పట్నం నుంచి తిరిగొస్తుండగా, ఊరికి కాస్త దిగువన, నీళ్ళు బండరాళ్ళ మధ్య ఉరికే చోట పడవ రాయికి కొట్టుకుని తిరగబడింది. ఆమె చేతికి ఒక రాయి దొరికింది. ఆయనకి దొరకలేదు. ఆయన్ని తర్వాత చాలా దిగువన, ఇంకో ఊరివాళ్ళు చూశారు.

ఇంట్లో పోయినవాళ్ళకి మా ఊళ్ళో ఏ లోటూ చేయరు. రోజుల తరబడి ఇల్లంతా దీపాలు పెట్టి, ఊరంతా కూర్చుని, పేకాడి, తాగి, నవ్వి, పోయిన మనిషి ఒంటరి కాకుండా చూసి మరీ సాగనంపుతారు. నీళ్ళలో పోయినవాళ్ళని మాత్రం గుమ్మం ఎక్కించరు. సొమ్‌దీని దొరికిన రోజే అడవి అంచున పూడ్చి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేశారు. దీపాలు లేవు, పేకాట లేదు.

ఆ తర్వాత జరగాల్సింది చన్‌ఫెంగ్ సంగతి. మనిషి ఒంట్లో ముప్పై రెండు ఖ్వన్‌లుంటాయి. ఒంటికి కాపలా కాసే ప్రాణాలవి. మనిషి దడుసుకున్నా, జారిపడ్డా ఒక ఖ్వన్ ఆ చోటే ఉండిపోతుంది. అప్పుడు పెద్దలు చేపలు పట్టే చేతివల తీసుకుని, అందులో ఉడికించిన గుడ్డు, అన్నం ముద్ద, అరటిపండు, తెల్ల నూలుపోగులు, ఆ మనిషి తొడుక్కున్న చొక్కా పెట్టి ఆ చోటికి వెళ్ళి, పిలిచి, నీళ్ళలోంచి ఎత్తి ఇంటికి తెస్తారు. చొక్కా చూసి ఖ్వన్ తన మనిషిని గుర్తుపడుతుంది. ఇంటికొచ్చాక నూలుపోగులు మణికట్టుకి కడతారు. ఇది ఊళ్ళో ప్రతి ఇంటికీ ఎప్పుడో ఒకప్పుడు జరిగేదే.

"రేపు వెళ్దాం అమ్మాయ్, చొక్కా ఒకటి తీసి ఉంచు" అన్నాడు ఫుమీ తాత అప్పట్లో.

"వద్దు తాతా."

"వద్దేంటి? నీది అక్కడే ఉండిపోయింది. నీ మొహం చూస్తే తెలియట్లా?"

"ఉండనీ. ఆయన ఒక్కడే ఉన్నాడక్కడ. ముప్పై రెండిట్లో ఒకటి ఆయనకి తోడుంటే నాకు పోయేదేముంది?"

రానని మారాం చేసే ఖ్వన్‌ని పిలవడానికి ఫుమీ తాత దగ్గర పద్యాలున్నాయి. పంపనని మనిషే అంటే చదివే పద్యం లేదు.

పోయేదేముందో నెమ్మదిగా తెలిసింది. ముందు మిరపకాయ కారం తెలియడం మానేసింది. ఆమె నూరిన పచ్చడి తిని పింగ్‌ఖమ్ నాలుక బయటపెట్టి గంతులేస్తే, ఎందుకో అర్థంకాక చూసింది. తర్వాత చలి. పొగమంచు లేవకముందే ఆడవాళ్ళు నడుం లోతు నీళ్ళలో దిగి నాచు పీకుతారు. కాసేపటికల్లా వేళ్ళు కొంకర్లు పోయి గట్టెక్కి మంట కాచుకుంటారు. చన్‌ఫెంగ్ గట్టెక్కదు. చేతులు నీలంగా మారినా ఆమెకు తెలియదు. అందుకే ఆ ఏడు ఊళ్ళో అందరికంటే ఎక్కువ నాచు తీసింది ఆమే, అందరికంటే వెడల్పాటి అప్పడాలు పరిచింది ఆమే. పట్నం బేరగాడు మిగతావాళ్ళ తట్టలు చూడకుండా నేరుగా ఆమె మెట్ల దగ్గరికి వచ్చేవాడు. ఇదీ ఆమె ఘనతల్లో చేర్చవలసిందే. పెళ్ళిళ్ళకి వచ్చేది, కూర్చునేది, పాట తన వంతుకి వస్తే తల అడ్డంగా ఊపేది. ఏడవడం మాత్రం ఎవరూ చూడలేదు.

సొలెన్ దిగింది ఈ ఇంట్లోనే.

ఆ పిల్లకి మన మాట వచ్చు. ఫ్రాన్సు దేశంలో, రెన్ అనే పట్నంలో, మనవాళ్ళెవరో ఎప్పుడో వెళ్ళి స్థిరపడి పెట్టుకున్న భోజనశాలలో రెండేళ్ళు గిన్నెలు కడిగిందట. కాబట్టి దాని నోట వచ్చేదంతా వంటింటి భాష, అది కూడా వంటవాడి కేకలు. వచ్చిన మర్నాడే ఫుమీ తాత భోజనం చేస్తుంటే పలకరించబోయి, "ఏయ్ తాతా, తిన్నావా? త్వరగా తిను, బల్ల ఖాళీ చెయ్!" అంది. తాత అన్నం ముద్ద నోట్లో పెట్టుకోకుండా అలాగే చూశాడు. తర్వాత నవ్వు ఆపుకోలేక నీళ్ళు అడిగాడు. ఆ రోజు నుంచి ఆ పిల్ల ఎటు వెళ్ళినా ఊరు ఊరంతా "బల్ల ఖాళీ చెయ్!" అని అరిచేది.

సాయంత్రం అన్నాల వేళ చుట్టుపక్కల ఆడవాళ్ళు తమ బుట్టలు తెచ్చుకుని చన్‌ఫెంగ్ వసారాలోనే తినడం మొదలుపెట్టారు. "ఇవాళ ఏం చూశావే?" అని అడగడం పింగ్‌ఖమ్ పని. సొలెన్ కొత్తగా వచ్చిన పిల్ల కాబట్టి ఊళ్ళో మాకెవరికీ కనపడనివన్నీ దానికి కనపడేవి.

"ఎదురొచ్చిన ప్రతివాళ్ళూ ఎక్కడికెళ్తున్నావ్ అని అడుగుతారు. మొదట పోలీసులేమో అనుకున్నా. సరే, ఆగి అంతా చెప్తుంటే, వినకుండా వెళ్ళిపోతున్నారు!"

"వినడానికెవరడిగారే? పలకరించడానికి అడిగాం" అంది పింగ్‌ఖమ్.

"మధ్యాహ్నం దుకాణానికెళ్ళా. ఆవిడ గల్లాపెట్టె మీద తలపెట్టి నిద్రపోతోంది. సబ్బు అని లేపితే, కళ్ళు తెరవకుండానే, ఎడం పక్క రెండో అర అంది. అక్కడే ఉంది!"

"మరెక్కడుంటుంది?"

"మీరెవరూ థాంక్స్ చెప్పరు. ఎంత పెట్టినా చెప్పరు."

"ఇక చాలు అనేవాళ్ళు చెప్తారు. నీకు చాలా?" అని పింగ్‌ఖమ్ ఇంకో ముద్ద దాని చేతిలో పెట్టింది.

ఒకరోజు సొలెన్ తన ప్యాంట్లు తెచ్చి మగవాళ్ళ చొక్కాలకి పైతీగ మీద ఆరేసింది. నడుం కింద కట్టే బట్ట మగవాడి తలకు పైన వేలాడటమా! పింగ్‌ఖమ్ నిప్పంటుకున్నట్టు పరిగెత్తుకొచ్చి లాగేసింది. సాయంత్రం సొలెన్ దాన్నీ చెప్పింది. "నా ప్యాంటు ఏ తప్పు చేసిందో నాకింకా తెలీదు. కానీ ఇప్పుడది కింద తీగ మీదుంటుంది. క్షమాపణ చెప్పుకుంది." ఆడవాళ్ళు పడీపడీ నవ్వారు. చన్‌ఫెంగ్ అన్నం బుట్ట మూత పెట్టి పక్కకి జరిపింది.

ఆ పిల్ల చన్‌ఫెంగ్ వైపు చూసి అంది. "నేను చూసినవాటిల్లో అన్నిటికంటే గొప్పది చెప్పనా? చన్‌ఫెంగ్. ఎంత ప్రశాంతంగా ఉంటుందో! కోపం లేదు, తొందర లేదు. మా దేశంలో ఇలా ఉండటానికి జనం డబ్బు కట్టి నేర్చుకుంటారు."

వసారాలో నమలడం ఆగిపోయింది. ఒకామె నేల మీద పడని మెతుకు ఏరుతున్నట్టు వంగింది. పింగ్‌ఖమ్ లేచి, నూరడానికి ఏమీ లేకపోయినా రోలు దగ్గరికి వెళ్ళి కూర్చుంది.

"తిను, చల్లారిపోద్ది" అంది చన్‌ఫెంగ్.

అలా రోజులు గడిచి, సొలెన్ ఇక బయలుదేరుతుందనగా, నాచు పీకడానికి తనూ వస్తానంది. దాని దగ్గర ఉన్నవన్నీ చేతుల్లేని పలచటి బట్టలు. చన్‌ఫెంగ్ పెట్టె అడుగు నుంచి తన నీలిమందు రంగు చొక్కా ఒకటి తీసిచ్చింది. మందపాటిది, నిండు చేతులది. ఒకప్పుడు పడవలో వెళ్ళినప్పుడల్లా ఆమె వేసుకున్నది అదే, పడవ తిరగబడిన రోజు ఒంటి మీద ఉన్నదీ అదే. ఆ తర్వాత దాన్ని తొడగలేదు. ఇస్తున్నప్పుడు ఆమె దాని గురించి ఏమీ ఆలోచించలేదు. చలికి చొక్కా కావాలి, చొక్కా ఉంది, ఇచ్చింది.

బండరాళ్ళకి కాస్త పైన నాచు ఒత్తుగా ఉంటుంది. సొలెన్ పరంగి కాళ్ళతో ఒక పాకుడు రాయి మీద నిలబడి "చూడండి, నాకూ వచ్చింది!" అని గుప్పెడు నాచు పైకెత్తి చూపించింది. అంతే, కాలు జారి నీళ్ళలో కనిపించకుండా పోయింది. చన్‌ఫెంగ్ రెండు అంగల్లో వెళ్ళి చెయ్యి నీళ్ళలో పెట్టి, అందింది పట్టుకుని లాగింది. అందింది జుట్టు. గట్టు మీద కూర్చోబెడితే ఆ పిల్ల పెదవులు నల్లబడి, ఒకసారి నవ్వి, ఊరుకుంది.

ఊరికి ఇంకేం కావాలి? పరాయి తల్లి బిడ్డ, అదీ ఆ చోట పడింది. ఎండ తిరక్కముందే పిలిచి తేవాలని ఫుమీ తాత పంచె కట్టుకున్నాడు. ఒకరు గుడ్డు ఉడికించారు, ఒకరు పోగులు తీశారు. చొక్కా తెచ్చే పని పింగ్‌ఖమ్‌ది. ఆమె ఇంటికి పరిగెత్తింది. మెట్ల పిడి మీద నీలి చొక్కా తడిగా వేలాడుతోంది. పడ్డప్పుడు ఒంటి మీద ఉన్న చొక్కా అయితే ఖ్వన్ ఇట్టే గుర్తుపడుతుందని మా ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు. పింగ్‌ఖమ్ దాన్నే వలలో వేసుకుని పరిగెత్తింది. అరువు చొక్కా సంగతి ఆమెకి తట్టలేదు. అప్పుడు ఎవరికీ తట్టేది కాదు కూడా.

చన్‌ఫెంగ్ ఇంటి దగ్గర ఉండిపోయింది. సొలెన్‌ని పొయ్యి పక్కన దుప్పట్లో కూర్చోబెట్టింది. ఖ్వన్ వచ్చే వేళకి ఇంటి ఇల్లాలు పై మెట్టు మీద నిలబడి, వచ్చిందా అని అడగాలి. అడిగితేనే లోపలికి వస్తుంది. నది వైపు నుంచి ఫుమీ తాత గొంతు గాలిలో ముక్కలు ముక్కలుగా వినపడింది. "రావమ్మా రా... రాళ్ళ సందున ఉండకు... చేపలతో కాపురం చెయ్యకు... పొయ్యి వెచ్చగా ఉంది, అన్నం ఉడికింది... రా..." వల ముంచి ఎత్తితే ఖాళీగా వచ్చిందట. ఆఖరిసారి ఎత్తితే చొక్కా మడతలో చిన్న నీటిసాలీడు పట్టుకుని ఉందట. అదే గుర్తు.

వెనక్కి చూడకుండా వరసగా నడిచి వచ్చారు. ఫుమీ తాత మెట్ల కింద ఆగి చేతివల పైకెత్తాడు. గుడ్డు పక్కన, అరటిపండు కింద, చుట్టచుట్టుకుని ఉన్న చొక్కాని చన్‌ఫెంగ్ చూసింది.

అడగాల్సిన మాట అడగలేదు. కింద అందరూ తలలెత్తి చూస్తున్నారు.

"అడుగమ్మాయ్" అన్నాడు తాత.

ఆమె మెట్టు పట్టుకుంది. లోపల ఆ పిల్ల దుప్పట్లో ఉంది. ఖ్వన్ గుమ్మంలో నిలబడి ఉంటే అడగకుండా నిలబెట్టకూడదు.

"వచ్చిందా?" అంది.

"వచ్చింది!" అన్నారు అందరూ.

పోగులు సొలెన్ మణికట్టుకి కట్టారు. ఒక్కొక్కరూ కట్టి, ఆరోగ్యంగా ఉండమని, మంచి మొగుడు రావాలని, వాడికి వంట రావాలని దీవించారు. మామూలుగా అయితే ఆ పిల్ల ఆ మాటకి ఏదో ఒకటి అనేది. ఆ రోజు చేతులు చాపి కూర్చుంది.

సాయంత్రం బుట్టలతో ఆడవాళ్ళొచ్చారు. "ఇవాళ ఏం చూశావే?" అంది పింగ్‌ఖమ్.

"ఏం చూడలేదు" అంది సొలెన్.

"నీళ్ళ అడుగున ఏముందో చూసుంటావుగా?"

"లేదు. ఏం లేదు."

చన్‌ఫెంగ్ అన్నం ముద్ద పచ్చడిలో అద్ది నోట్లో పెట్టుకుంది. ఒక్కసారిగా దగ్గు వచ్చింది. కళ్ళ నీళ్ళు కారాయి, ముక్కు కారింది. పింగ్‌ఖమ్ నవ్వుతూ వీపు మీద చరిచి, "నీ చేతి పచ్చడి నీకిప్పుడు తెలిసిందా?" అంది. అని, చెయ్యి వీపు మీదే ఉంచి, నవ్వడం ఆపేసింది.

మర్నాడు సొలెన్ పడవెక్కింది. తన మెడకు చుట్టుకునే ఉన్ని గుడ్డ తీసి చన్‌ఫెంగ్ చేతిలో పెట్టింది. రేవులో జనం "బల్ల ఖాళీ చెయ్!" అని అరిస్తే చెయ్యి ఊపింది గానీ అరవలేదు. పడవ కదిలాక ఒకసారైనా ఊరి వైపు చూస్తుందేమోనని చూశారు. నీళ్ళ వైపే చూస్తూ కూర్చుంది.

పడవ పోగానే చన్‌ఫెంగ్ నాచు కోసం నీళ్ళలో దిగింది. మోకాళ్ళ దాకా వెళ్ళేసరికి చలి ఎముకల్లో పొడిచింది. ఇంకో అడుగు వేసి, వేయలేక గట్టెక్కి, మంట దగ్గర చేతులు చాపి కూర్చుంది. చేతులు వణికాయి. వాటినే చూస్తూ ఉంది.

"ఏంటే రాణిగారూ, ఇవాళ మాతో పాటు కూర్చున్నారు?" అంది పింగ్‌ఖమ్.

"నిన్న వలలో వేసింది నా చొక్కా, వదినా."

పింగ్‌ఖమ్‌కి మాట అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక రెండు చేతులతో నోరు మూసుకుంది. తర్వాత చేతులు తీసింది.

"పోన్లే" అంది. "మంచిదే అయింది. ఏడాదిగా బతిమాలుతుంటే వినలేదు. నదే వినేలా చేసింది."

"మరి ఆ పిల్లది?"

పింగ్‌ఖమ్ పుల్ల ఒకటి మంటలోకి తోసింది. "ముప్పై రెండిట్లో ఒకటి. వాళ్ళకి ఆసుపత్రులున్నాయి, విమానాలున్నాయి. దానికేం తెలుస్తది? మా తమ్ముడికి ఎవరో ఒకరు తోడున్నట్టుంటది. నువ్వూ ఇంట్లో మనిషిలా ఉంటావు."

చన్‌ఫెంగ్ లేచి ఇంటికి వెళ్ళిపోయింది. ఆ రోజంతా ఆమె ఏమీ వండలేదు. ఆడపడుచు మాటలో తప్పు ఆమెకు వెంటనే దొరకలేదు. ఆయన అక్కడ ఒంటరి కాడు, తను ఇక్కడ ఖాళీ కాదు. ఎవరూ ఏమీ చెయ్యక్కర్లేదు. ఊరికే ఊరుకుంటే చాలు. ఊరుకోవడం ఆమెకు ఏడాదిగా అలవాటే.

మర్నాడు బడికి వెళ్ళి, మాస్టారి ఫోను అడిగి, సొలెన్ వెళ్ళేముందు రాసిచ్చిన నంబరుకి చేయించింది. చాలాసేపు మోగాక ఎత్తింది.

"చన్‌ఫెంగా? ఏం కావాలి, చెప్పు" అంది. అదే వంటింటి మాట, కేక లేకుండా.

"తిన్నావా?"

"తినలేదు. తినాలనిపించట్లేదు. లువాంగ్ ప్రబాంగ్‌లోనే ఉన్నా. గదిలోనే ఉన్నా."

"ఊరు చూశావా?"

"వాన పడట్లేదు, ఏం లేదు, అయినా బయటికెళ్ళట్లేదు. పున్నమి దాకా ఇక్కడే. తర్వాత అవతలి దేశం వెళ్తాననుకుంటా." కాస్త ఆగి, "నువ్వెలా ఉన్నావ్ అని అడగాలి కదా. అడగాలనిపించట్లేదు, ఏమనుకోకు" అంది.

చన్‌ఫెంగ్ ఫోను మాస్టారికిచ్చి నేరుగా ఫుమీ తాత దగ్గరికి వెళ్ళింది. పింగ్‌ఖమ్ అక్కడే ఉంది.

"పిల్లది తేవాలి తాతా. వల నేను పట్టుకుంటా."

"అయితే వాణ్ణి ఒంటరిగా వదిలేస్తావా?" అంది పింగ్‌ఖమ్. ఈసారి ఆమె గొంతులో ఎగతాళి లేదు. "మా తమ్ముణ్ణి గుమ్మం ఎక్కించలేదు. దీపం పెట్టలేదు. నీకు తెలుసుగా?"

"తెలుసు."

"తెలిసీ!"

"నాది నేనిచ్చాను వదినా. ఆ పిల్లనెవరడిగారు?"

పింగ్‌ఖమ్ లేచి గుడ్డు ఉడికించడానికి పొయ్యి వెలిగించింది.

వలలో ఉన్ని గుడ్డ పెట్టారు. ఈసారి నీళ్ళలో దిగింది చన్‌ఫెంగ్. చలికి ఆమె పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. ఫుమీ తాత గట్టు మీంచి పద్యం ఎత్తుకున్నాడు గానీ ఆమె ఆయన వెంట అనలేదు. వల ముంచి, మామూలుగా ఇంట్లో మొగుడితో మాట్లాడినట్టే మాట్లాడింది.

"ఇదుగో, ఈ పిల్ల మనింటి పిల్ల కాదు. వాళ్ళమ్మ ఎదురుచూస్తుంటది. దీన్ని పంపించెయ్." నీళ్ళు బండల మీద ఉరుకుతూనే ఉన్నాయి. "నేను మళ్ళీ రాను. ఇక్కడుండకు నువ్వు. ఎక్కడికన్నా వెళ్ళు."

వల ఎత్తింది. నీళ్ళు కారిపోయాక ఉన్ని పోగుల మధ్య ఒక చిన్న నత్త మిగిలింది. ఫుమీ తాత వంగి చూసి తలాడించాడు. గట్టు మీద పింగ్‌ఖమ్ పమిట మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. చన్‌ఫెంగ్ ఏడవలేదు. ఏడుపు వస్తుందేమోనని కాసేపు నిలబడింది గానీ రాలేదు. చలి మాత్రం బాగా తెలిసింది.

ఖ్వన్‌ని పట్టితెచ్చాక మనిషి చేతికి పోగు కట్టాలి. మనిషి లువాంగ్ ప్రబాంగ్‌లో ఉంది. అక్కడికి వెళ్ళాలంటే పడవలో పట్నం దాకా, అక్కడి నుంచి బస్సు. పడవ తిరగబడినప్పటి నుంచి చన్‌ఫెంగ్ ఏ పడవలోనూ కాలు పెట్టలేదు. ఎవరైనా వెళ్ళి ఇచ్చొస్తామంటే వద్దంది.

"పిలిచింది నేను. నా వెంటే వస్తది."

రేవుకి ఊరంతా వచ్చింది. ఊరిపెద్ద, ఆమె వెళ్తోందని తను ముందే మైకులో చెప్పానని అందరికీ గుర్తుచేశాడు. ఫుమీ తాత పోగులు అరటాకులో చుట్టి ఇచ్చాడు. పింగ్‌ఖమ్ అన్నం బుట్ట, నాచు అప్పడాల కట్ట ఒళ్ళో పెట్టి, "ఆ పిల్ల నోరు తెరిచి అరిచేదాకా కదలకు. బల్ల ఖాళీ చెయ్ అనాలి. అంటేనే వచ్చినట్టు" అంది.

"సరే వదినా."

"బస్సులో కిటికీ పక్కన కూర్చో. డోకొస్తే మింగకు."

"సరే."

చన్‌ఫెంగ్ పడవ అంచు మీద చెయ్యి వేసి, ఒక కాలు లోపల పెట్టి, రెండో కాలు ఎత్తడానికి చాలాసేపు తీసుకుంది. పడవవాడు ఇంజను ఆపి ఎదురుచూశాడు. ఎవరూ తొందరపెట్టలేదు. రెండో కాలు కూడా లోపలికొచ్చాక ఆమె పడవ మధ్యలో, చేతివల ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులతో దాని అంచు పట్టుకుని కూర్చుంది. బండరాళ్ళ దగ్గర పడవ ఒక పక్కకి ఒరిగి, సర్దుకుని, మలుపు తిరిగింది. ఆమె పక్కకి చూడలేదని పడవవాడు తర్వాత చెప్పాడు.

హాట్‌కెంగ్ ఆడవాళ్ళలో ఒంటరిగా లువాంగ్ ప్రబాంగ్ వెళ్ళింది ఇంతవరకూ ఆమె ఒక్కతే. పోగు కట్టేశాక మాఘ పున్నమికి అక్కడి గుడిలో సొమ్‌దీ పేరున దీపం ఒకటి పెట్టి వస్తానని పింగ్‌ఖమ్‌కి చెప్పి వెళ్ళింది. పున్నమి మర్నాటి మధ్యాహ్నం పడవలో తిరిగొస్తుందని ఊరు ఎదురుచూస్తోంది. ఆమె రావలసిన రోజు ఫిబ్రవరి పదిహేను, శనివారం.